ఎవరి కొలతలకు కుట్టిన ఏడాది?

కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాని జపాన్‌లో "ఆర్డర్ మేడ్" అంటారు. వినడానికి ఇంగ్లీషే గానీ ఇంగ్లీషువాళ్ళు అలా అనరు, జపాన్‌వాళ్ళు సొంతంగా తయారుచేసుకున్న మాట అది. ఇప్పుడా మాట చొక్కాలు దాటి చదువుల దాకా వచ్చింది. ఒక జపాన్ యూనివర్సిటీ, ఒక అమెరికన్ యూనివర్సిటీ (కెనడాదో ఇంగ్లండ్‌దో కూడా కావచ్చు) ఒప్పందం రాసుకుంటాయి. రెండో ఏడాదిలోనో మూడో ఏడాది మొదట్లోనో పాతికమందినో వందమందినో గుంపుగా పంపిస్తారు. వాళ్ళ కోసమే కోర్సులు, వాళ్ళ కోసమే టీచర్లు, ముందే కేటాయించిన గదులు, వారాంతాల్లో విహారాలు, జ్వరమొస్తే ఫోన్ చేయడానికి జపనీస్ వచ్చిన మనిషి. ఏడాది అని పేరే గానీ తొమ్మిది పది నెలలు తిరక్కుండానే అందరూ కలిసి తిరుగు విమానం ఎక్కుతారు.

ఇలాంటి ప్రోగ్రాం ఒకదానిలో, అమెరికా పశ్చిమ తీరాన ఉన్న ఒక యూనివర్సిటీలో, నేను కొన్నేళ్ళు రాత పాఠాలు చెప్పాను. ఆ పిల్లల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. వాళ్ళంత శ్రద్ధగా హోంవర్కు చేసిన విద్యార్థుల్ని ఆ తర్వాత నేను చూడలేదు. నా తగువంతా ఆ "ఆర్డర్ మేడ్" అన్న మాటతోనే. బట్ట కుట్టేముందు దర్జీ ఎవరి ఒళ్ళు కొలిచాడు? విద్యార్థి ఒళ్ళు మాత్రం కాదని నా వాదన. కొలతలిచ్చినవాళ్ళు ముగ్గురున్నారు: పంపించే యూనివర్సిటీ, చేర్చుకునే యూనివర్సిటీ, తిరిగొచ్చాక ఉద్యోగమిచ్చే కంపెనీ. ఆ ముగ్గురికీ సరిపోయిన చొక్కా తీసుకొచ్చి నాలుగోవాడికి తొడిగి, "నీ కోసమే కుట్టాం" అంటున్నారు.

మొదట ఇది ఎలా పుట్టిందో చూద్దాం. 1980ల చివర జపాన్‌లో డబ్బు పొంగిపొర్లుతున్న రోజుల్లో అక్కడి ప్రైవేటు యూనివర్సిటీలు విదేశాల్లో సొంత ఇళ్ళు కట్టుకున్నాయి. షోవా మహిళా విశ్వవిద్యాలయం 1988లో బోస్టన్‌లో ఒక విద్యాసంస్థ పెట్టింది. ముకోగావా మహిళా విశ్వవిద్యాలయం 1990లో వాషింగ్టన్ రాష్ట్రం స్పోకేన్‌లో ఒకప్పటి సైనిక కోటని క్యాంపస్‌గా మార్చుకుంది. అదే ఏడాది తెయిక్యో విశ్వవిద్యాలయం ఇంగ్లండ్‌లోని డరమ్‌లో తన శాఖ తెరిచింది, అమెరికాలో నష్టాల్లో ఉన్న చిన్న కాలేజీలని చేతిలోకి తీసుకుంది. వాటిలో అయోవా రాష్ట్రం లె మార్స్ అనే చిన్న ఊళ్ళోని వెస్ట్‌మార్ ఒకటి. జపాన్‌లో బుడగ పగిలింది, తెయిక్యో తప్పుకుంది, ఆ కాలేజీ 1997లో మూతపడింది. షోవా, ముకోగావా, డరమ్ మాత్రం నిలబడ్డాయి. ఇన్నేళ్ళు నిలబడ్డాయంటే వేలమంది అమ్మాయిలూ అబ్బాయిలూ వాటివల్ల మొదటిసారి దేశం దాటారన్నమాట. ఆ మేలుని నేను తీసెయ్యను. సొంత భవనాలు అక్కర్లేదు, ఎదుటివాళ్ళ క్యాంపస్‌లోనే మన పిల్లలకి విడిగా ఏడాది కుట్టించుకుంటే చాలు అన్న పద్ధతి కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంది. నేను పనిచేసింది ఈ రెండో రకంలో.

ఇక ఈ పద్ధతిని సమర్థించేవాళ్ళు ముందుపెట్టే వాదన: "ఈ కాలం పిల్లలకి బయటికి వెళ్ళాలనే లేదు. చేయి పట్టుకుని నడిపిస్తే తప్ప కదలరు." దీనికి జపాన్‌లో ఒక ముద్ర కూడా ఉంది, "ఉచిముకి" అని. లోపలివైపే ముఖం తిప్పుకున్నవాళ్ళు అని అర్థం. రుజువుగా చూపించే లెక్క ఇది: విదేశీ యూనివర్సిటీల్లో చదివే జపాన్ విద్యార్థులు 2004లో 82,945 మంది, 2011కి 57,501. పెద్దలకి ఈ రెండంకెలు చాలు, పిల్లల్ని తిట్టడానికి. కానీ ఆ దేశంలో 18 ఏళ్ళ వయసువాళ్ళు 1992లో 20 లక్షల పైచిలుకు ఉంటే, 2011కి 12 లక్షలే మిగిలారన్న సంగతి అదే నోటితో చెప్పరు. రూపాయి పడిపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, యెన్ కథా అంతే. 2011లో డాలరుకి 80 యెన్‌లు పెడితే సరిపోయేది, 2024 జులైలో 160 దాటింది. అదే గది, అదే ఫీజు, అదే రొట్టెముక్క రెండింతలయ్యాయి. తండ్రి జీతం రెండింతలు కాలేదు. ఇలాంటి ఇంట్లో పిల్ల "నేను వెళ్ళనులే" అంటే అది లోపలికి ముఖం తిప్పుకోవడమా, ఇంటి పరిస్థితి తెలిసి నడుచుకోవడమా?

డబ్బుకన్నా గట్టి సంకెల ఇంకోటుంది: క్యాలెండర్. జపాన్‌లో చదువుల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, అమెరికాలో ఆగస్టు సెప్టెంబర్లలో. ఏడాది బయటికెళ్తే రెండు వైపులా సగం సగం ముక్కలు పోతాయి. టోక్యో విశ్వవిద్యాలయం 2012 ప్రాంతంలో చదువుని శరత్కాలానికి మారుద్దామని గట్టిగానే ప్రతిపాదించింది, తర్వాత వెనక్కి తగ్గి ఏడాదిని నాలుగు టర్ములు చేసి ఊరుకుంది. 2020లో కోవిడ్‌కి బడులు మూతపడ్డప్పుడు సెప్టెంబర్ చర్చ మళ్ళీ లేచింది, కొన్ని వారాల్లోనే ప్రభుత్వం పక్కన పెట్టేసింది. ఎందుకంటే ఏప్రిల్ ఒక్క బడిది కాదు. కంపెనీల్లో కొత్తవాళ్ళు అడుగుపెట్టేదీ ఏప్రిల్‌లోనే, అందరూ ఒకే రోజు, ఒకేలాంటి నల్ల సూటుల్లో.

ఆ ఏప్రిల్‌కి ముందు జరిగే ఉద్యోగాల వేటని "షూకత్సు" అంటారు. నియమం ప్రకారం మూడో ఏడాది చివర, మార్చి 1న కంపెనీలు తలుపులు తెరుస్తాయి, నాలుగో ఏడాది జూన్ 1 నుంచి ఇంటర్వ్యూలు. నిజానికి మూడో ఏడాది వేసవి ఇంటర్న్‌షిప్పులతోనే ఆట మొదలైపోతుంది. పెద్ద కంపెనీల సంఘం కేదాన్రెన్ ఈ తేదీల పెత్తనం వదులుకుంటున్నానని 2018లో ప్రకటించింది. వెంటనే ప్రభుత్వం ఆ తేదీలనే నెత్తికెత్తుకుంది. ఇక చదువుకోడానికి ఇరవయ్యేళ్ళ మనిషికి మిగిలిన ఖాళీ ఎంత? రెండో ఏడాది చివరి నుంచి మూడో ఏడాది మధ్య దాకా, ఒక సందు. ఆ సందులో పట్టేలా కుట్టిందే ఈ ఏడాది. విద్యార్థికి ఏ వయసులో, ఏ సిద్ధతతో, ఎంతకాలం బయట ఉంటే మంచిది అని ఎవరూ అడగలేదు. షూకత్సుకి అడ్డం రాకుండా ఎంత పడుతుందో అంత కత్తిరించారు. ఆ సందుని కూడా వదల్లేదు సుమా. 1987 నుంచీ ఏటా బోస్టన్‌లో జపాన్ కంపెనీల ఉద్యోగ మేళా జరుగుతుంది. నవంబర్‌లో మా క్లాసు కుర్చీలు రెండు మూడు రోజులు ఖాళీ. పిల్లలు నల్ల సూటు మడతపెట్టుకుని, దేశం ఈ చివర నుంచి ఆ చివరకి ఎగిరి, హోటల్ హాల్లో జపనీస్‌లో ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చేవాళ్ళు. వాళ్ళని తప్పుపట్టగలమా? తిరిగొచ్చి సోమవారం క్లాసులో నిద్రకళ్ళతో కూర్చుంటే లేపబుద్ధి కాలేదు నాకు.

చేర్చుకునే యూనివర్సిటీ కొలతలు వేరు. దానికి కావలసింది నిండిన గదులు, పూర్తి ఫీజు, ఇబ్బంది పెట్టని విద్యార్థులు. ఈ ప్రోగ్రాంలో పాఠాలు చెప్పేవాళ్ళం చాలామంది సెమిస్టర్ సెమిస్టర్‌కీ సంతకం పెట్టే తాత్కాలికులం. మా తరగతి గదులు క్యాంపస్ అంచున, విడి భవనంలో. "అమెరికన్ సంస్కృతి" అన్న కోర్సులో గుమ్మడికాయ చెక్కడం, థాంక్స్‌గివింగ్ పై తినడం, బేస్‌బాల్ ఆటకి వెళ్ళడం ఉండేవి. అమెరికన్ విద్యార్థి ఆ గదిలో కనిపించాడంటే గంటకింతని డబ్బులిచ్చి పిలిచిన "సంభాషణ భాగస్వామి" అయ్యుండాలి. స్నేహానికి గంట లెక్కన జీతం కట్టే ఏర్పాటుని నేను అక్కడే మొదటిసారి చూశాను.

ఒక విద్యార్థిని సంగతి చెప్పాలి. పేరు అనవసరం. ప్రధాన భవనంలో చరిత్ర శాఖవాళ్ళు రెండో ప్రపంచయుద్ధ కాలపు అమెరికా గురించి కోర్సు చెప్తున్నారని నోటీసు బోర్డులో చూసింది. 1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వు, దాని వెనకాలే జపాన్ సంతతివాళ్ళు సుమారు లక్షా ఇరవై వేలమందిని ఇళ్ళ నుంచి లేపి ముళ్ళకంచెల వెనక పెట్టడం, వాళ్ళలో మూడింట రెండొంతులమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు కావడం, ఇవన్నీ ఆ కోర్సులో ఉన్నాయి. మేము నిలబడ్డ తీరం నుంచే వాళ్ళని తరలించారు. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "సెన్సెయ్, నేను అందులో కూర్చోవచ్చా?" అంది. నేను ఆఫీసుకి రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది: ఆ కోర్సుకి జపాన్‌లోని వాళ్ళ యూనివర్సిటీ క్రెడిట్ పట్టికలో గడి లేదు, సమయం మా "అమెరికన్ సంస్కృతి"తో ఢీకొంటోంది, ఒప్పందంలో లేనిది చేస్తే పూచీ ఎవరిది? ఆమె మూడు వారాలు దొంగచాటుగా వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. మా క్లాసులో హాజరు తగ్గింది. జపాన్ నుంచి ఉత్తరం వచ్చింది. మానేసింది.

అమెరికాలో జపాన్ మనిషిగా ఉండటమంటే ఏమిటో తెలుసుకోవాలని ఒక జపాన్ విద్యార్థిని తనంతట తాను అడిగింది. ఆ ఏడాది మొత్తంలో ఎవరూ పెట్టని ప్రశ్న అదొక్కటే. "నీ కోసమే కుట్టిన" చొక్కాలో ఆ ప్రశ్నకి జేబు లేకపోయింది.

దీనికి ఎదురువాదనలు నేను వినకపోలేదు. "వాళ్ళ ఇంగ్లీషుతో మామూలు క్లాసులో మునిగిపోతారండీ." కొందరు మునుగుతారు, నిజమే. మరి ఈత నేర్పించాల్సిన మొదటి సెమిస్టర్‌లో గుమ్మడికాయలు ఎందుకు చెక్కించారు? ఒక సెమిస్టర్ సిద్ధం చేసి, రెండో సెమిస్టర్‌లో మామూలు క్లాసులో దించడానికి అడ్డేమిటి? తప్పితే క్రెడిట్ పోతుందన్న భయమే అడ్డు. అంటే ఓడిపోయే హక్కు లేని చదువు. ఓడిపోడానికి వీల్లేకుండా కుట్టిన చోట గెలవడానికి మాత్రం ఏముంటుంది?

రెండోది బరువైన వాదన: భద్రత. 1992 అక్టోబర్‌లో లూసియానా రాష్ట్రం బేటన్ రూజ్‌లో, నగోయా నుంచి వచ్చిన 16 ఏళ్ళ జపాన్ కుర్రాడు హాలోవీన్ పార్టీకని పొరపాటున వేరే ఇంటి తలుపు కొట్టాడు. ఆ ఇంటాయన తుపాకీ ఎత్తి ఆగమన్నాడు. ఆ ఇంగ్లీషు మాట కుర్రాడికి అందలేదు. కాల్పులకి చచ్చిపోయాడు. జ్యూరీ ఆ మనిషిని నిర్దోషి అంది. ఆనాటి జపాన్ తల్లిదండ్రుల గుండెల్లో పడ్డ ఆ భయాన్ని తేలిగ్గా మాట్లాడేవాణ్ణి కాను. కానీ కొడుకుని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులు ఏం చేశారో కూడా చూడాలి. తుపాకుల మీద అదుపు కోరుతూ పదిహేడు లక్షలకి పైగా సంతకాలు పోగుచేసి 1993లో అధ్యక్షుడు క్లింటన్‌కి అందించారు. అమెరికన్ కుర్రకారు జపాన్ వచ్చి చదువుకోడానికి కొడుకు పేరుతో ఒక నిధి పెట్టారు. గోడలు ఇంకా ఎత్తు చెయ్యమని వాళ్ళు అడగలేదు, అవతలివైపు నుంచి కూడా తలుపు తెరిచారు. భద్రత పేరు చెప్పి పిల్లల్ని విడి భవనంలో కూర్చోబెట్టేవాళ్ళు ఆ ఇద్దరి ముందు నిలబడి ఆ మాట అనగలరా?

సాహిత్యం చదివేవాళ్ళకి ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుకు రావాలి. 1900లో జపాన్ ప్రభుత్వం నత్సుమె సోసెకిని లండన్ పంపింది, ఏటికి 1,800 యెన్‌ల భత్యంతో. ఆనాటి ఆర్డర్ మేడ్ చదువు అది. ఉత్తర్వులో "ఇంగ్లీషు భాష అధ్యయనం" అని ఉంది. ఆయనకి కావలసింది సాహిత్యం. బయల్దేరేముందే విద్యాశాఖకి వెళ్ళి, ఆ మాటకి ఎంతవరకు కట్టుబడాలని అడిగి, కాస్త వెసులుబాటు సంపాదించుకున్నాడు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ ఉపన్యాసాలు నచ్చక కొద్దికాలానికే మానేశాడు. క్రెయిగ్ అనే షేక్‌స్పియర్ పండితుడి దగ్గర విడిగా పాఠాలు చెప్పించుకున్నాడు. అద్దె గదులు మారుస్తూ, తిండి తగ్గించుకుని పుస్తకాలు కొంటూ, చివరికి గది తలుపేసుకుని చదువుతూ ఉండిపోయాడు. మతి చెడిందన్న పుకారు స్వదేశానికి పాకింది. ఆ రెండేళ్ళని ఆయన ఎప్పుడూ తియ్యగా తలుచుకోలేదు.

ఆ బాధని గొప్ప చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఇరవయ్యేళ్ళ పిల్లని అలా ఒంటరిగా వదిలేయమని ఎవరు చెప్తారు? ఆయనకి ఒక డాక్టరో ఒక స్నేహితుడో దగ్గరుంటే ఇంకా మంచిదే. అయితే 1914లో గకుషూయిన్ విద్యార్థుల ముందు ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన ఆ లండన్ గది గురించే చెప్పాడు. అప్పటిదాకా పరాయివాళ్ళ అభిప్రాయాలని అరువు తెచ్చుకుని తిరిగానని, సాహిత్యం అంటే ఏమిటో తన సొంత బుద్ధితోనే తేల్చుకోవాలన్న నిశ్చయం అక్కడ కలిగిందని. ఆ నిశ్చయం ఉత్తర్వులో లేదు, విద్యాశాఖ పట్టికలో దానికి గడి లేదు. ఉత్తర్వుకీ జీవితానికీ మధ్య కాస్త ఖాళీ దొరికింది కాబట్టి అది పుట్టింది. నేను అడిగేది ఆ ఖాళీనే. ఒంటరితనాన్ని కాదు.

తిరిగొచ్చినవాళ్ళకి ఇంట్లో చోటుండదన్న సమస్య కూడా కొత్తదేం కాదు. 1871లో ఇవాకురా బృందంతో పాటు అయిదుగురు ఆడపిల్లల్ని అమెరికా పంపింది మెయిజీ ప్రభుత్వం. వాళ్ళలో చిన్నది త్సుదా ఉమెకో, అప్పటికి ఆరేళ్ళది. 1882లో తిరిగొచ్చేసరికి జపనీస్ మరిచిపోయింది. పంపిన ప్రభుత్వానికేమో ఆమెకి ఏ పని అప్పజెప్పాలో తోచలేదు. ఆమె మళ్ళీ అమెరికా వెళ్ళి చదువుకుని, 1900లో సొంతంగా ఆడపిల్లల కాలేజీ పెట్టింది. 2024లో ఆమె బొమ్మని 5,000 యెన్‌ల నోటు మీద వేశారు. బాగుంది. కానీ ఏడాది ఎక్కువ చదివి అయిదో ఏట పట్టా పుచ్చుకున్న విద్యార్థిని ఇంటర్వ్యూలో "ఎందుకు ఆలస్యమైంది?" అని సంజాయిషీ అడిగేవాళ్ళ జేబుల్లోనూ ఆ నోటే ఉంటుంది.

వేరేలా చెయ్యడం సాధ్యం కాదా అంటే, జపాన్‌లోనే చేసి చూపించారు. 2004లో మొదలైన అకితా అంతర్జాతీయ విశ్వవిద్యాలయంలో ప్రతి విద్యార్థీ ఏడాది విదేశంలో చదివి తీరాలి. అయితే ఇంగ్లీషులో, చదువులో నిర్ణీత స్థాయి అందుకున్నాకే వెళ్ళాలి. గుంపుగా పంపరు, ఎన్నో దేశాల్లోని భాగస్వామి యూనివర్సిటీలకి చెదరగొడతారు, అక్కడి మామూలు క్లాసుల్లో కూర్చోవాలి. అందుకే చాలామంది నాలుగేళ్ళలో పట్టా పూర్తి చెయ్యరు, దాన్ని అక్కడ పరువు తక్కువగా చూడరు. ఆశ్చర్యమేమిటంటే ఆ ఆలస్యమైన పిల్లల కోసమే పెద్ద కంపెనీలు అకితా మంచులో ప్రయాణం చేసి వస్తాయి. గుంపుగా పంపినా మనసుంటే మార్గముంటుంది. రిత్సుమెయికాన్ విశ్వవిద్యాలయం 1991 నుంచి వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి ఏటా సుమారు వందమందిని పంపిస్తోంది. కోర్సులు వాళ్ళ కోసం తయారుచేసినవే గానీ, ఉండేది మాత్రం అక్కడి విద్యార్థులతో కలిసి ఒకే ఇంట్లో. గిన్నెలు ఎవరు కడగాలన్న తగాదా దగ్గర నేర్చుకునే ఇంగ్లీషు ఏ సంభాషణ భాగస్వామీ నేర్పలేడు.

ఇదంతా చదివి మనవాళ్ళు నవ్వుకోడానికి లేదు. డల్లాస్‌లో నలుగురు తెలుగు కుర్రాళ్ళు ఒక అపార్ట్‌మెంటులో చేరి, తెలుగులోనే వండుకుని, తెలుగులోనే దెబ్బలాడుకుని, పొరుగింటి మనిషి పేరు తెలియకుండా రెండేళ్ళ ఎమ్మెస్ ముగించడం మనకి తెలుసు. మనకి ఆ చొక్కా కుట్టింది బ్యాంకు అప్పు, వీసా గడువు, అమీర్‌పేట కన్సల్టెన్సీ. తేడా ఒక్కటే: మామూలు క్లాసులో కూర్చోడానికి మన కుర్రాణ్ణి ఎవరూ అడ్డుకోలేదు.

జపాన్ ప్రభుత్వం 2033 కల్లా అయిదు లక్షలమందిని విదేశాలకి పంపుతానని 2023లో లక్ష్యం ప్రకటించింది. లక్ష్యం పెద్దదైతే మొదట చిన్నబోయేది కాలం. 2018 లెక్కలో విదేశం వెళ్ళొచ్చిన విద్యార్థులు 1,15,146 మంది, వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతులమంది నెల లోపే తిరిగొచ్చారు. అయిదు లక్షల అంకె అందుకోవాలంటే ఇలాంటి కుట్టుపని ఇంకా పెరుగుతుంది, ఏడాది కాస్తా సెమిస్టర్, సెమిస్టర్ కాస్తా మూడు వారాలు అవుతుంది. ఆపాలంటే ఇప్పుడే ఆపాలి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఏడాదిలో రెండో సగమైనా మామూలు తరగతుల్లో గడవాలి. అక్కడ తప్పినా పట్టా ఆగకుండా జపాన్ యూనివర్సిటీ నియమం మార్చాలి. విద్యార్థి తనంతట తాను ఎంచుకున్న ఒక్క కోర్సుకి, ఏదైనా సరే, పట్టికలో ఒక ఖాళీ గడి వదలాలి. చేర్చుకునే యూనివర్సిటీ ఎంతమందిని తీసుకుంటే అంతమంది సొంత విద్యార్థుల్ని జపాన్ పంపాలి, అప్పుడు గంటకింతని స్నేహితుల్ని కొనే అవసరం రాదు. కంపెనీలు మార్చి 1, జూన్ 1 పట్టింపు వదిలి, అయిదో ఏట వచ్చినవాళ్ళని ఆలస్యం అనడం మానాలి. ఈ చివరిది జరిగితే మిగతావన్నీ సగం వాటంతటవే జరుగుతాయి.

జరిగేదాకా ఒక చిన్న నిజాయితీ పాటిస్తే చాలు. ప్రోగ్రాం కాగితాల మీద "విద్యార్థి కోసం ప్రత్యేకంగా రూపొందించినది" అన్న వాక్యం కొట్టేసి, ఎవరి కోసం రూపొందించారో ఆ ముగ్గురి పేర్లూ రాయండి. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు చదువుకుంటారు.